బెల్టు సే మారో

మా బృందంలో మొదట రక్తం చూసింది నేనే. డ్రమ్ములు వాయించే కర్ర మధ్యకి విరిగి, దాని కొన ఎగిరొచ్చి నా ఎడమ కనుబొమ్మలో దిగింది. పాట ఆపలేదు. రక్తం కంట్లోకి కారుతుంటే ఆ కన్ను మూసుకుని, విరిగిన ముక్కతోనే చివరిదాకా కొట్టాను. పాట అయ్యాక మా గాయకుడు వెనక్కి తిరిగి చూసి హడలిపోయాడు.

"అరె చెల్లే, ఎవడు కొట్టిండు నిన్ను?"

"నేనే కొట్టుకున్యా భాయ్," అన్నాను.

నలుగురం పగలబడి నవ్వాం. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తర్వాత వచ్చిన మచ్చల ముందు అది మచ్చే కాదు.

నాది కడప. సముద్రాలు దాటొచ్చి ఈ పరాయి దేశంలో, రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని. రోజంతా ఎవరి మీదా గొంతు పెంచకుండా, ఎవరేమన్నా "నోటెడ్" అని రాసుకుంటూ బతికే ఉద్యోగం. నలభై దగ్గరపడుతుండగా మా పేటలోని కమ్యూనిటీ క్లబ్బులో డ్రమ్స్ క్లాసులో చేరాను. కర్రలు చేతికి తీసుకున్న మొదటిరోజే తెలిసింది, నాలో ఇంత కోపం ఉందని. మేముండే యూ టీ పేటలో, మా ఫ్లాట్‌లో డ్రమ్ములు పెట్టుకుంటే పైవాళ్లు, కిందవాళ్లు, పక్కవాళ్లు కలిసొచ్చి తంతారు. అందుకని జురాంగ్ వెస్ట్ అవతల ఫ్యాక్టరీల మధ్య, గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక గదిలో ఆదివారం మధ్యాహ్నాలు వాయించేదాన్ని. నలుగురం కలిసింది అక్కడే.

పాడేది భాయ్. హైదరాబాదు మనిషి, యాభై దాటినవాడు, ఆరడుగుల పైన ఎత్తు. జురాంగ్ వెస్ట్‌లోనే ఇల్లు, దగ్గర్లోనే ఒక గిడ్డంగిలో సేఫ్టీ మేనేజరు. మనుషులకి దెబ్బలు తగలకుండా చూడటం ఆయన ఉద్యోగం. దక్కనీ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒకే వాక్యంలో పారించేవాడు.

గిటారు వాయించేది గుంటూరు కుర్రాడు. కుర్రాడంటే ముప్ఫై అయిదు దాటినవాడే, భాయ్ ముందు కుర్రాడు. మా ఆఫీసుకి ఎదురుగా ఉన్న భవనంలో ఇంకో బ్యాంకులో పని. ఇంగ్లీషు తప్పు పలికితే డస్టరు వెనక్కి తిప్పి వేళ్ల కణుపుల మీద కొట్టే కాన్వెంటులో చదివాడట. ఆ దెబ్బల గురించి గర్వంగా చెప్పేవాడు. "ఆ డస్టర్ లేకపోతే నేనిక్కడ ఉండేవాణ్ణా మేడమ్?" అని చెయ్యి చాపి కణుపులు చూపించేవాడు. ప్రతి పాటకీ సాహిత్యం ప్రింటు తీసి తలా ఒకటి పంచేవాడు.

బేస్ గిటారు అంకుల్‌ది. ఇక్కడే పుట్టిన తమిళాయన, డెబ్భై దాటాడు. కుర్రతనంలో ఇక్కడి డాన్సు పార్టీల్లో వాయించాడు. ఆ రోజుల్లో పాట నచ్చకపోతే జనం సీసాలు విసిరేవారట. ముఠాల కుర్రాళ్లు కుర్చీలతో కొట్టుకుంటుంటే స్టేజీ మీద వీళ్లు ఆపకుండా వాయించాలట. "స్టాప్ చేస్తే మనల్ని కొడతారమ్మా. సో డోంట్ స్టాప్ లా," అని, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర ఒక "లా" తగిలించి, మోచేతి మీద గాజుపెంకు గీసిన పొడుగు గీత చూపించేవాడు.

మేం పాడేవి తొలినాళ్ల రాక్ అండ్ రోల్ పాటలు. యాభైల చివర, అరవైల మొదట్లో వచ్చినవి. వాటిలో సగం మాటలు మాటలే కావు, అరుపులు, ఎక్కిళ్లు, మూలుగులు. మిగతా సగం ఆ రికార్డుల గరగరలో ఎవరికేది వినిపిస్తే అది. మా భాయ్‌కి ఆ పాటలు వాళ్ల నాన్న దగ్గర్నించి వచ్చాయి. ఆయన సికింద్రాబాదులో ఒక ఇరానీ హోటల్ బయట నిలబడి, లోపల మోగే రికార్డులు విని నేర్చుకున్నాడట. అప్పటికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. విన్నది విన్నట్టు తనకు తెలిసిన మాటల్లోకి మార్చుకున్నాడు.

ఒక పాటలో నది అవతలి ఒడ్డున ఉన్న పిల్ల పడవలో ఉన్న పిల్లాణ్ణి "రో టు మీ, డియర్ డార్లింగ్" అని పిలుస్తుంది. భాయ్ వాళ్ల నాన్న పాటలో అది "రోటీ మే దాల్ డాలింగే". రొట్టెలో పప్పు వేస్తాం అని. ఇంకో పాటలో ప్రియురాలు ఆలస్యంగా వస్తే పిల్లాడు "వై సో లేట్, ఓ" అని ఏడుస్తాడు. అది "వయసు లేదో" అయింది. ఆరడుగుల భాయ్, నెరిసిన గడ్డంతో, ఒక మోకాలు నేలకానించి, "వయసు లేదో బేబీ, వయసు లేదో" అని గొంతు చించుకుంటుంటే మా తెలుగువాళ్లు కడుపులు పట్టుకునేవారు.

అన్నిటికన్నా పెద్దది మూడోది. పెళ్లి రేపు అనగా చర్చి గంటలు మోగుతున్నాయని పాట. "ద బెల్స్ సే టుమారో, టుమారో." భాయ్ నోట్లో అది "బెల్టు సే మారో, మారో". బెల్టుతో కొట్టు, కొట్టు. ఆ మాట దగ్గర నేను డ్రమ్ము మీద పిడుగుల్లా రెండు దెబ్బలు వెయ్యాలి. వేసేదాన్ని, చేతులు నొప్పెట్టేలా.

ఒకసారి భాయ్ వాళ్ల బ్లాకు కింద, ఖాళీ జాగాలో, పండగ తర్వాత జరిగిన విందులో ఆ పాట పాడాం. హైదరాబాదీ కుటుంబాలు, మన ఆంధ్రా తెలంగాణా వాళ్లు, చుట్టుపక్కల చైనావాళ్లు, మలేవాళ్లు అందరూ వచ్చారు. భాయ్ ఒక్క చరణం పాడేసరికి పిల్లలు తమ నాన్నల బెల్టులు లాక్కుని గాల్లో తిప్పడం మొదలెట్టారు. "మారో! మారో!" అని ఊరంతా అరిచింది. ఎవరి బెల్టు బకిలో తగిలి ఒక కుర్రాడి పెదవి చిట్లింది. వాడు రక్తం ఉమ్మి మళ్లీ గెంతాడు. చప్పట్లు, ఈలలు. భాయ్ ఆకాశంలోకి చూసి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, వంగి దండం పెట్టాడు.

గుంటూరాయన మాత్రం గిటారు దించి సంచిలో పెట్టేసుకున్నాడు. రైల్లో తిరిగొస్తూ నాతో అన్నాడు. "ఇది సంగీతమా మేడమ్? జోకులాటా? మనం ఇంగ్లీషు రాని సంత అనుకోరా చూసినోళ్లు?"

"నవ్వుకున్నారు కదప్పా. ఏమైతాది?" అన్నాను.

"మన మీద నవ్వుకున్నారు," అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం రగడే. గుంటూరాయన పాట మధ్యలో ఆపేవాడు, భాయ్ మళ్లీ అక్కణ్ణుంచే తప్పుగా ఎత్తుకునేవాడు. ఒకరోజు గుంటూరాయన కోపంతో గిటారు తీగ తెగేలా లాగితే అది భాయ్ మొహానికి తగిలినంత పనైంది. ఇంకోరోజు భాయ్ ఒక స్పీకరును కాలితో తన్నితే అది బోర్లా పడింది, దాని జాలీ సొట్టపోయింది. అంకుల్ మధ్యలో కూర్చుని తీగలు శ్రుతి చేసుకుంటూ, "ఫైట్ చేస్తే ఫాస్ట్‌గా చెయ్యండి. రూమ్ టైమ్ రన్నింగ్," అనేవాడు. మేం నవ్వేవాళ్లం. మగవాళ్ల గొడవలు వాటంతటవే చల్లారతాయని అనుకునేదాన్ని.

సంవత్సరం చివర గుంటూరాయన వాళ్ల ఆఫీసు విందులో మాకు పాడే అవకాశం వచ్చింది. పై అధికారులందరూ వస్తారు. ఆయన ఎన్నాళ్లనుంచో అడిగి సంపాదించినది. దానికి ముందు ఆదివారం సాధనకి వచ్చేటప్పుడే ఆయన మొహం బిగుసుకుని ఉంది. కొత్త ప్రింట్లు తెచ్చాడు, పెద్ద అక్షరాలతో.

మొదటి రెండు పాటలూ సజావుగా సాగాయి. భాయ్ కూడా ఆయన కోసమేనేమో, "రో టు మీ" అని సరిగ్గానే పాడాడు. మూడోది గంటల పాట. నేను ఎత్తుగడ కొట్టాను. భాయ్ కళ్లు మూసుకున్నాడు. "బెల్టు సే మారో..."

గిటారు ఆగిపోయింది.

"బెల్స్," అన్నాడు గుంటూరాయన. "గంటలు, భాయ్. బెల్టు కాదు."

"ఎరికే తమ్మీ. మళ్ల కొట్టు."

మళ్లీ మొదలెట్టాం. మళ్లీ బెల్టు. మళ్లీ గిటారు ఆగింది. గుంటూరాయన గిటారు మెడలోంచి తీసి చేత్తో పట్టుకుని భాయ్ ముందుకొచ్చాడు, ప్రింటు కాగితం ఆయన ముక్కు దగ్గర పెట్టాడు.

"చదవండి. చదవటం వచ్చుగా?"

భాయ్ కాగితం తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గొంతు పెంచలేదు.

"నాకు ఇంగ్లీషు వస్తది తమ్మీ. నువ్వు పుట్టకముందు కెల్లి వస్తది. గిది తప్పని తెల్సే పాడుతున్న."

"తెలిసి ఎందుకండీ పాడటం?"

"మా అబ్బా పాట గిది. రెండు పాటలు నీకోసం సక్కగ పాడిన. గిదొక్కటి నాకు ఇడిసిపెట్టు."

అక్కడితో ఆగితే సరిపోయేది. గుంటూరాయన ఆగలేదు. మా ఇద్దరివైపు తిరిగి, నవ్వమన్నట్టు చూసి, అన్నాడు: "మీ అబ్బాకి చెవుడా ఏంది భాయ్? బెల్స్ అంటే బెల్ట్ అని వినపడటానికి?"

భాయ్ మైకు పట్టుకున్న చేత్తోనే కొట్టాడు.

మైకు ఆన్‌లో ఉంది. ఆ దెబ్బ గుంటూరాయన కుడి కంటి కింద ఎముకకి తగిలిన చప్పుడు నాలుగు స్పీకర్లలోంచి బాంబులా వచ్చింది. గది గోడలు అదిరాయి. రెండో దెబ్బ, అదే చోట. ఇంకో బాంబు. ఎముక చితికిన చప్పుడు అంత పెద్దగా వినడం మనిషికి మంచిది కాదు. ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా ఎవరైనా మైకు తట్టి చూస్తే నేను లేచి బయటికి వెళ్లిపోతాను.

గుంటూరాయన వెనక్కి పడుతూ పడుతూనే గిటారుని మెడ దగ్గర పట్టుకుని గొడ్డలిలా విసిరాడు. అది భాయ్ నోటికి తగిలింది. పళ్లు రాలాయి. చెక్క విరిగింది, తీగలు చిటచిటా తెగి ఒకటి భాయ్ చెంప చీల్చింది. భాయ్ నోట్లోంచి రక్తం గడ్డం మీదుగా తెల్ల చొక్కా మీదికి దిగింది. ఆయన తుడుచుకోలేదు. మైకు స్టాండు ఎత్తాడు. దాని అడుగున గుండ్రటి ఇనుప దిమ్మె ఉంటుంది. ఆ దిమ్మె పైకి వచ్చేలా తిప్పి పట్టుకున్నాడు. గుంటూరాయన నేలమీద ఒక మోకాలి మీద ఉన్నాడు, చేతులతో మొహం కప్పుకుని.

డ్రమ్ముల వెనక నుంచి ఎలా లేచానో తెలియదు. తాళం పళ్లెం ఒకటి నాతోపాటే కిందపడి భయంకరంగా మోగింది. "భాయ్, వద్దు! సచ్చిపోతాడు! వద్దప్పా!" అని ఇద్దరి మధ్యకీ దూరి చెయ్యి అడ్డం పెట్టాను. ఇనుప దిమ్మె నా కుడి మణికట్టు మీద దిగింది. ఎండుకట్టె విరిగినట్టు విన్నాను. నొప్పి వెంటనే రాలేదు. చెయ్యి వేలాడుతోంది, అది నాది కానట్టు.

"డేయ్! పోదుం! పోదుం!" అని, ఇక చాలని తమిళంలో అరుస్తూ అంకుల్ గోడ దగ్గర కరెంటు తీగలన్నీ పీకేశాడు. స్పీకర్లు చచ్చిపోయాయి. భాయ్ నా చేతివంక చూశాడు. స్టాండు ఆయన చేతిలోంచి జారి కింద పడింది. గోడకి ఆనుకుని కూలబడ్డాడు. నోట్లోంచి ఊడిన పళ్లు అరచేతిలోకి ఉమ్ముకుని, వాటిని చూస్తూ కూర్చున్నాడు. గుంటూరాయన రక్తంలో తడిసిన తన ప్రింటు కాగితాల మీద పక్కకి ఒరిగి మూలుగుతున్నాడు. నేను అప్పుడు ఏడ్చాను.

గది యజమాని పోలీసులకీ అంబులెన్సుకీ ఫోన్ చేశాడు. వచ్చిన ఆఫీసరు చిన్న వయసు చైనా అమ్మాయి. నాకు చేతికి బద్ద కడుతుండగానే పక్కన నిలబడి అడిగింది, గొడవ దేనికని. పాట మాటల గురించి అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"సాంగ్? ఓన్లీ సాంగ్?"

నొప్పితో నాకు మాటలు సరిగా రావడం లేదు. బెల్స్ అనాల్సిన చోట బెల్ట్ అన్నాడని, మారో అంటే కొట్టు అని చెప్పాను. ఆమె వెంటనే తన తోటి ఆఫీసరుతో ఏదో చెప్పింది. అతను గదంతా వెతకడం మొదలుపెట్టాడు. డ్రమ్ముల వెనక, స్పీకర్ల కింద. కాసేపటికి తిరిగొచ్చి అడిగాడు: "మ్యాడమ్, బెల్ట్ వేర్?"

"నో బెల్ట్," అన్నాను.

"యూ సే హీ హిట్ విత్ బెల్ట్."

"నో, నో. దట్ ఈజ్ సాంగ్."

చివరికి వాళ్లు భాయ్ నడుముకున్న బెల్టు విప్పించి ప్లాస్టిక్ సంచిలో వేసుకున్నారు. ప్యాంటు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నోటికి గుడ్డ అదుముకుని, ఆ పెద్దమనిషి పోలీసు బండి ఎక్కాడు. మా అంకుల్ అది చూసి తల తిప్పేసుకున్నాడు.

ఆస్పత్రికి మా ఆయనా, కూతురూ పరుగెత్తుకొచ్చారు. నా చేతికి ఆపరేషన్ చేసి పలక వేశారు. మా అమ్మాయి ఇక్కడే పెరిగినది, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. "అమ్మా, నో మోర్ బ్యాండ్ లా. దీజ్ అంకుల్స్ ఆర్ క్రేజీ," అని నా పక్కన తల పెట్టుకుని ఏడ్చింది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి, మన వర్కు పాసులకేమైనా అవుతుందా అని ఒక్కమాట అడిగాడు. కొట్లాటలో పేరుంటే ఈ దేశంలో ఉండనిస్తారా లేదా అనే భయం మా అందరికీ ఉంటుంది. సాక్షిని కాబట్టి నాకేమీ కాలేదు.

భాయ్ బెయిలు మీద ఇంటికొచ్చాడని తెలిసి, కట్టుతోనే జురాంగ్ వెస్ట్ వెళ్లాను. తిట్టాలనే వెళ్లాను. తలుపు తీసిన ఆయన భార్య, మా భాభీ, నా చెయ్యి చూసి, నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. భాయ్ సోఫాలో కూర్చుని ఉన్నాడు. మొహం వాచి గుర్తుపట్టేలా లేదు. చెంప మీద కుట్లు. ముందు పళ్లు లేవు, పలికేదంతా గాలి. ఒక్కో మాట భాభీ మళ్లీ చెప్పవలసి వచ్చింది.

"చెల్లే, నీ చెయ్యి," అని ఆగిపోయాడు.

"నా చెయ్యి సంగతి తర్వాత. ఆ పిల్లోడి కన్ను పోతే ఏం జేస్తావు భాయ్? ఒక్క మాటకి అంత కొడతారా?"

అప్పుడు చెప్పాడు. వాళ్ల నాన్నకి నిజంగానే ఎడమ చెవి వినపడేది కాదు. పద్నాలుగేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు ఆ ఇరానీ హోటల్ బయట నిలబడి పాట వింటుంటే భాయ్ వాళ్ల దాదా, అంటే ఆ పిల్లాడి తండ్రి, చూశాడు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, నడుముకి ఇత్తడి బకిలు పట్టీ. బజార్లోనే విప్పి కొట్టాడు. బకిలు చెవికి తగిలింది. పిల్లాడు చెవిలోంచి రక్తం కారుతూ నడిచి ఇంటికొచ్చాడు. డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. చీము పట్టి, జ్వరమొచ్చి, తగ్గేసరికి ఆ చెవి వినపడకుండా పోయింది.

"కొడుతున్నప్పుడు లోపల గా పాటే మోగుతుండెనట," అన్నాడు భాయ్. "అబ్బాకు గట్లనే ఇనొచ్చింది. బెల్టు సే మారో అని."

భాభీ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఆ పిల్లాడు పెద్దయ్యాక దాన్ని నవ్వులాటగా పాడటం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లలో, పండగల్లో. ఇంట్లో అందరూ నవ్వేవారు. ముసలి దాదా కూడా. మంచంలో కూర్చుని, "అరె, ఓ బెల్ట్ వాలా గానా సునా," అని తనే అడిగి పాడించుకుని, పళ్లులేని నోటితో కిలకిల నవ్వేవాడట. అది దేని గురించో ఆయనకి జన్మలో తట్టలేదు. అబ్బా చెప్పలేదు.

"మిమ్మల్ని కొట్టేవాడా, మీ నాయన?" అని అడిగాను.

భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఒక్క దెబ్బ కొట్టలే చెల్లే. చెయ్యి లేపలే. కొట్టుడు నాతోని బందయింది అనేటోడు. ఆయన పేరు మీద నేను కొట్టిన చూడు." అరచేతులు రెండూ ముందు పెట్టుకుని వాటినే చూస్తూ, పెద్దగా, సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఏడుపుకి కుట్లు సాగి చెంప మీద మళ్లీ రక్తం తేలింది. నేను ఎడమచెయ్యి ఆయన భుజం మీద వేశాను. తిట్టాలని వచ్చినదాన్ని, తిట్టలేకపోయాను. క్షమించానని కూడా చెప్పలేదు.

ఆ విషయం గుంటూరాయనకి చెప్పవలసినదాన్ని నేనే అనిపించింది. వాళ్లింటికి వెళ్లాను. ఆయన కన్ను పోలేదు గానీ, కంటి చుట్టూ ఉన్న ఎముక చితికింది. లోపల రేకు పెట్టారు. కుడివైపు చూస్తే ఒక్కటి రెండుగా కనపడుతుందన్నాడు. భార్య గిన్నెలో జావ పెట్టి పక్కన కూర్చుంది. నేను చెవి సంగతి అంతా చెప్పాను. ఆయన వింటూ వింటూ చెంచా బల్ల మీద గట్టిగా కొట్టాడు. జావ చిందింది.

"అయితే? ఎవరో ముసలాయన ఎవరి చెవో పగలగొడితే నా కన్ను పోవాలా? నాకు తెలుసా మేడమ్? నాకు చెప్పాడా ఎప్పుడైనా? చెప్తే నేనట్టా అంటానా?"

ఆయన భార్య నన్ను గుమ్మందాకా దిగబెట్టి, "ఆయన నిద్దట్లో కూడా చేతులు అడ్డం పెట్టుకుంటున్నారక్కా. కేసు వెనక్కి తీసుకోమని మాత్రం అడక్కండి," అంది. అడగలేదు.

కేసు నడిచింది. నేను పోలీసులకి చూసింది చూసినట్టు చెప్పాను. భాయ్ తప్పు ఒప్పుకున్నాడు, తలవంచుకునే ఉన్నాడు. ఇలాంటి నేరాలకి ఇక్కడ జైలుతో పాటు బెత్తం దెబ్బలు కూడా వెయ్యొచ్చు. ఆ మాట విన్నప్పట్నుంచీ భాభీ తిండి మానేసింది. కానీ యాభై దాటిన మగవాళ్లకి బెత్తం ఉండదని వకీలు చెప్పాడు. కోర్టు బయట భాయ్ ఆ మాట నాకు చెబుతూ నవ్వబోయాడు. "దెబ్బలు తినే వయసు దాటిపోయిందంట చెల్లే." నవ్వు సగంలో ఆగింది. పక్కనే నిలబడ్డ భాభీ ఆయన చెయ్యి పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కింది. ఆయన్ని కొన్ని నెలలు జైల్లో పెట్టారు.

ఆ నెలల్లో అంకుల్ మాత్రం భాభీ ఇంటికి ప్రతి ఆదివారం వెళ్లేవాడు. మేం సాధన చేసే ఆ వేళకే. పళ్లు, చేపలు, ఏదో ఒకటి పట్టుకెళ్లేవాడు. నన్ను కూడా తీసుకెళ్లేవాడు. సీసాలు విసిరే రోజుల్లో తన స్నేహితుడొకడు స్టేజీ మీదే కత్తిపోటు తిని చచ్చిపోయాడని, దాని గురించి ఎవరికీ ఇన్నాళ్లూ చెప్పలేదని బస్సులో నాకు చెప్పాడు. ఆ రోజు కూడా వాయించడం ఆపలేదట. "ఆపాల్సిందమ్మా," అన్నాడు.

నా మణికట్టు కలిసింది గానీ మునుపటిలా తిరగదు. కర్ర పట్టుకుంటే రెండు నిమిషాల్లో వేళ్లు మొద్దుబారతాయి. వానాకాలంలో లోపల పలక చల్లగా తెలుస్తుంది. నేను మళ్లీ డ్రమ్ముల ముందు కూర్చోలేదు. ఆఫీసులో నా గొంతు కొంచెం పెరిగిందని మాత్రం అంటారు.

భాయ్ ఎప్పుడో ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు కాబట్టి దేశం వదలాల్సి రాలేదు. బయటికొచ్చేసరికి ఉద్యోగం పోయింది, వేరేచోట చిన్న పని చూసుకున్నాడు. పళ్లు కట్టించుకున్నాడు. పాట ఎత్తలేదు. నేను అడగలేదు. ఒక శనివారం మధ్యాహ్నం నన్ను చూడటానికి భాభీతో కలిసి యూ టీ వచ్చాడు. మా ఇంట్లో భోంచేశాక, రైలెక్కించడానికి నేను కూడా స్టేషన్‌కి వెళ్లాను. ప్లాట్‌ఫారమ్ మీద నిలబడి మాట్లాడుతుంటే గుంటూరాయన మెట్లెక్కి పైకి వచ్చాడు. ఆయన స్నేహితుడెవరో మా పక్క బ్లాకులో ఉంటాడట.

నా కుడిచెయ్యి దానంతటదే ఎడమచేతి చాటుకి పోయింది. భాభీ వచ్చి భర్తకి అడ్డంగా నిలబడింది. గుంటూరాయన మమ్మల్ని చూసి ఆగాడు. పిడికిళ్లు బిగుసుకున్నాయి, స్పష్టంగా చూశాను. మొహం ఎర్రబడింది. కంటి కింద మచ్చ తెల్లగా నిలబడింది. కొడతాడనే అనుకున్నాను. భాయ్ కూడా అనుకున్నట్టున్నాడు, భాభీని నెమ్మదిగా పక్కకి జరిపి, చేతులు వేలాడేసి, మొహం ఎత్తి నిలబడ్డాడు, కొట్టమన్నట్టే.

"తమ్మీ," అన్నాడు.

గుంటూరాయన దగ్గరికొచ్చాడు. కళ్లు చిట్లించాడు. తల అటూ ఇటూ తిప్పి చూశాడు. ఊపిరి గట్టిగా తీసి వదిలాడు.

"ఆ పక్కన నిలబడితే మీరు ఇద్దరు కనపడతన్నారు భాయ్," అన్నాడు. "ఒక్కడితోనే వేగలేక చచ్చా. ఇటు రండి."

భాయ్ ఆయన ఎడమపక్కకి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, పట్టాలవైపు చూశారు. రైలొచ్చింది. ముగ్గురూ ఒకే పెట్టెలో ఎక్కారు. తలుపులు మూసుకునేదాకా నేను అక్కడే ఉన్నాను. లోపల మగవాళ్లిద్దరూ ఒకే వరసలో కూర్చున్నారు, మధ్య ఒక ఖాళీ సీటు ఉంది. భాభీ వెళ్లి అందులో కూర్చుంది.